అదే ఇంజను.. కొత్త గొట్టాలు!

షార్జా యార్డులో ఒక పాత కారుకు మనవాళ్లు చేసిన సైలెన్సర్ పని

గల్ఫ్‌లో కార్లు అనగానే ల్యాండ్ క్రూజర్లు, లెక్సస్‌లే గుర్తొస్తాయి. కానీ షార్జా ఇండస్ట్రియల్ ఏరియాల్లో ఒక పూట తిరిగి చూడండి. ఇంకో లోకం కనిపిస్తుంది. రేకుల షెడ్ల కింద దుమ్ము కప్పుకున్న పాత పాత కార్లు.. చుట్టూ గ్రైండర్ల నిప్పురవ్వలు.. బానెట్ కింద తలలు దూర్చి మలయాళంలో, ఉర్దూలో, పష్తోలో, మధ్యమధ్య మన తెలుగులో మాటలు. పాత కార్లంటే ఇక్కడివాళ్లకు మహా ముచ్చట. షార్జాలో వాటి కోసం ఏకంగా ఒక మ్యూజియమే ఉంది.

మేము కార్ల మెకానిక్కులం కాదు. కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పైపు పని చేసేవాళ్లం. చిల్డ్ వాటర్ లైన్లు, ఫైర్ లైన్లు, పంపు రూములు.. ఇదే మా బతుకు. మేము అంటే ముగ్గురం. డిప్లొమా చదివి సూపర్‌వైజరుగా వచ్చిన ఒకరు (ఇది రాస్తున్నది ఆ చెయ్యే), శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన పైపు ఫిట్టర్ అన్న, జగిత్యాల తమ్ముడు ఒకడు. ఆ తమ్ముడి వీసా మీద హెల్పర్ అని ఉంటుంది. చేతిలో మాత్రం ఆర్గాన్ టార్చి ఉంటుంది. అలాంటి మాకు ఒక పాత కారుకు ఎగ్జాస్ట్ హెడ్డరు చేసే పని వచ్చిపడింది. ఆ పని ఎలా జరిగింది, దానివల్ల ఏం ఒనగూరింది అన్నదే ఈ కథ. ఇందులో కారు కంటే మన చేతిపని గురించి చెప్పాల్సిందే ఎక్కువ.

అంబాసిడర్‌కు అన్నగారు

ఆ కారు మా కంపెనీ అర్బాబుది. బ్రిటన్‌లో 1958లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. ఎడమవైపు స్టీరింగు. యార్డులోకి వచ్చి ఆగగానే మా తమ్ముడు చేతిలో పని వదిలేసి పరుగెత్తాడు. "సారూ, ఇది మన అంబాసిడరే గదా! మా మామ టాక్సీ అచ్చం గిట్లనే ఉండె" అన్నాడు.

వాడన్నది అక్షరాలా నిజం. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు బెంగాల్‌లోని ఉత్తరపాడలో తయారుచేసిన అంబాసిడర్‌కు మూలం ఈ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3యే. కలెక్టరు గారి కారు నుంచి పెళ్లివారి అద్దె కారు దాకా మనమంతా చూసిన ఆ గుండ్రటి బండి 2014లో తయారీ ఆగిపోయే వరకూ దాదాపు ఇదే రూపంతో బతికింది. బండి ఒకటే కాదు, ఇంజనూ చుట్టమే. మన పెట్రోలు అంబాసిడర్లలో ఏళ్ల తరబడి ఉన్నది బీఎంసీ కంపెనీ 'బి సిరీస్' ఇంజను. 1489 సీసీ. 1990లలో ఇసుజు ఇంజను వచ్చేదాకా మన టాక్సీ డ్రైవర్లు కొట్టిన సెల్ఫు, తిప్పిన హ్యాండిలు దానివే.

అర్బాబు కారులో మాత్రం ఒక తేడా ఉంది. ఆయన కొనేనాటికే దానిలో ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారు ఇంజను బిగించి ఉంది. అది కూడా బి సిరీసే, కాకపోతే 1798 సీసీ. రెండింట్లోనూ పిస్టన్ కదిలే దూరం ఒకటే, 88.9 మిల్లీమీటర్లు. సిలిండరు వెడల్పే పెద్దది. ఒక తల్లి పిల్లల్లో ఒకడికి ఛాతీ వెడల్పన్నమాట.

తలనొప్పి ఎక్కడిదంటే..

ఇంజను మారింది కానీ పొగగొట్టం సంగతి ఎవరూ సరిగ్గా చూడలేదు. ఎంజీబీ పోత ఇనుము మ్యానిఫోల్డు ఆ కారు బాడీ కోసం చేసింది. ఆక్స్‌ఫర్డ్‌లో పెడితే కింద గొట్టాలు దిగాల్సిన చోట స్టీరింగు రాడ్డు అడ్డం వస్తోంది. అందుకని ముందెవరో నీళ్ల లైనుకు వాడే జీఐ బెండ్లు నాలుగు కలిపి, కడ్డీ వెల్డింగుతో అతికించి పంపారు. అవి నాలుగు చోట్ల పగిలాయి. బజార్లో ఎంజీబీ హెడ్డర్లు రెడీమేడ్‌గా దొరుకుతాయి. కానీ అవీ ఎంజీబీ బాడీ కొలతకే. ఈ బండికి పనికిరావు.

ఒకరోజు అర్బాబు మేనేజరుతో అంటుంటే విన్నాం.. ఈ కారు అరగంట నడిపితే తల పట్టేస్తోంది, వెనక సీట్లో పిల్లలకు కూడా వికారంగా ఉంటోంది అని. మా ఫిట్టర్ అన్న వెంటనే కలగజేసుకున్నాడు. "పిల్లల్ని ఆ బండి ఎక్కించకండి బాబూ. పొగ లోపలికొచ్చేస్తంది" అన్నాడు. పగిలిన గొట్టం నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు ఉండదు, వాసన ఉండదు. తలనొప్పి, వికారం దాని మొదటి హెచ్చరికలు. ఆ తర్వాత మత్తు. ఆ పైన లేవరు. చలికాలంలో క్యాంపు గదుల్లో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ల ప్రాణాలు తీసేదీ ఇదే విషం. కాబట్టి ఇది కారు షోకు కోసం చేసే పని కాదని మాకు ఆరోజే అర్థమైంది.

అర్బాబు మేనేజర్ని అడిగాడు, మేనేజరు మమ్మల్ని అడిగాడు. మేము ఒక్కటే షరతు పెట్టాం. పని కంపెనీ ఫ్యాబ్రికేషన్ షాపులోనే జరగాలి, గంటలు టైం షీటులో ఎక్కాలి, ఓటీ ఇవ్వాలి. సరేనన్నారు. ఈ షరతు ఎందుకో చివర్లో చెబుతాం.

హెడ్డరు అంటే ఏమిటి?

మన దగ్గర మొత్తాన్ని కలిపి 'సైలెన్సర్' అనేస్తాం. నిజానికి సైలెన్సర్ వెనకాల ఉండే డబ్బా. ఇంజనుకు ఆనుకుని, సిలిండర్ల నుంచి పొగను అందుకునే భాగాన్ని మ్యానిఫోల్డు అంటారు. అది పోత ఇనుముతో ముద్దగా ఉంటుంది. దాని బదులు ఒక్కో రంధ్రానికి ఒక్కో గొట్టం పెట్టి, కొంత దూరం విడివిడిగా నడిపి, తర్వాత కలిపితే అదే హెడ్డరు.

విడివిడిగా ఎందుకు? పొగ కుళాయి నీళ్లలా ధారగా రాదు. దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండరు సెకనుకు 25 సార్లు పొగ వదులుతుంది. నాలుగూ కలిపి 100 దెబ్బలు. ఒక దెబ్బ గొట్టంలో దూసుకుపోతే దాని వెనక కాస్త ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ తర్వాతి సిలిండరు పొగను లాగుతుంది. రైల్వే స్టేషన్లో ముందు వెళ్లే మనిషి జనాన్ని తోసుకుపోతే వెనకవాడికి దారి దొరికినట్టు. ఈ వరుస కుదిరితే ఇంజను తేలిగ్గా ఊపిరి వదులుతుంది. కుదరకపోతే ఒకడి పొగ ఇంకొకడి మొహాన కొడుతుంది.

నాలుగు సిలిండర్లు.. మూడు దారులు!

బి సిరీస్‌లో ఒక చిత్రం ఉంది. సిలిండర్లు నాలుగు కానీ పొగ రంధ్రాలు మూడే. 1వ సిలిండరుకు ఒకటి, 4వ దానికి ఒకటి, మధ్యలో 2, 3 సిలిండర్లకు కలిపి ఒకటి. వాటి మధ్యమధ్యలో పెట్రోలు, గాలి లోపలికి వెళ్లే రంధ్రాలు రెండు. అంటే ఒకే పక్క, ఒకే వరుసలో ఐదు రంధ్రాలు.. పొగ, గాలి, పొగ, గాలి, పొగ!

"రెండు సిలిండర్లకు ఒక్క దారా? గుద్దుకోవా?" అన్నాడు తమ్ముడు. గుద్దుకోవు. ఈ ఇంజనులో పేలే వరుస 1-3-4-2. క్రాంకు రెండు చుట్లు తిరిగేలోగా, అంటే 720 డిగ్రీల్లో, నాలుగూ ఒక్కోసారి పేలతాయి. 180 డిగ్రీలకు ఒకటి. లెక్క వేస్తే 3కు, 2కు మధ్య సరిగ్గా 360 డిగ్రీల ఎడం. ఒకరు పోయాక ఇంకొకరు వస్తారు, షిఫ్టు డ్యూటీలో ఒకే మంచం పంచుకున్నట్టు. అలాగే 1కి, 4కి మధ్య కూడా 360 డిగ్రీలే.

దారి అక్కడే తెలిసిపోయింది. 1, 4 గొట్టాలను ముందు కలపాలి. అప్పుడు దానిలోనూ సమానంగా దెబ్బలు పడతాయి, మధ్య గొట్టంలోనూ సమానంగా పడతాయి. ఈ రెండింటినీ ఇంకా కిందికి తీసుకెళ్లి కలపాలి. అందుకే మధ్య గొట్టం పొడవుగా ఉంటుంది. బ్రిటిష్ కార్లవాళ్లు దీన్ని 'లాంగ్ సెంటర్ బ్రాంచ్' అంటారు. మేము కనిపెట్టిందేమీ లేదు. పాతవాళ్ల లెక్కనే ఈ బండి బాడీకి సరిపోయేట్టు తిప్పాం, అంతే.

అట్టముక్కతో మొదలు

పనిలో మొదటి రోజు వెల్డింగు మిషను ఆన్ చేయలేదు. గ్యాస్కెట్ తీసుకుని అట్టముక్క మీద గీసుకున్నాం. దాని ప్రకారం యార్డులో పడి ఉన్న 20 మి.మీ. ప్లేటు ముక్కకు రంధ్రాలు వేసి స్టడ్లు బిగించాం. అది మా ఉత్తుత్తి ఇంజను. వెల్డింగు వేడికి ఫ్లాంజీలు వంకర పోకుండా పట్టుకునే జిగ్గు కూడా అదే.

ఇక్కడ ఒక తిరకాసు. ఈ ఇంజనులో పొగ ఫ్లాంజీని, పక్కనే ఉన్న కార్బురేటరు వైపు ఫ్లాంజీని ఒకే నట్టు, ఒకే మందపాటి వాషరు కలిపి అదుముతాయి. వాషరు సగం దీని మీద, సగం దాని మీద. రెండింటి మందం ఒకటి కాకపోతే? మన ఫ్లాంజీ పల్చనైతే వాషరు దాన్ని అదమదు, పొగ కారుతుంది. మందమైతే అటువైపు వదులై దొంగగాలి లోపలికి దూరుతుంది, ఇంజను వేడెక్కిపోతుంది. రెడీమేడ్ హెడ్డర్లు కొన్నవాళ్లు కూడా తలపట్టుకునేది ఇక్కడే. అందుకే 12 మి.మీ. ప్లేటు కోసి, కార్బురేటరు వైపు మందానికి వచ్చేదాకా మిల్లింగులో తీయించాం. ప్రతి ఫ్లాంజీనీ వెర్నియర్‌తో మూడు చోట్ల కొలిచాం.

ఫ్లాంజీ ఒకే పొడుగు పట్టీగా పెట్టకుండా మూడు ముక్కలుగా చేశాం. స్టెయిన్‌లెస్ స్టీలు వేడికి బాగా సాగుతుంది. అర మీటరు గొట్టం 600 డిగ్రీలు వేడెక్కితే సుమారు 5 మి.మీ. పెరుగుతుంది. పోత ఇనుము అంత పెరగదు. సాగే దానికి చోటివ్వకపోతే అది ఎక్కడో ఒకచోట పగిలి చోటు చేసుకుంటుంది. బిల్డింగుల్లో ఎక్స్‌పాన్షన్ జాయింటు ఎందుకు పెడతామో అందుకే, కింద గొట్టాలు కలిసే చోట కూడా వెల్డు చేయకుండా ఒకదాంట్లో ఒకటి దూరే స్లిప్ జాయింటు పెట్టాం.

ఇంచీల గారడీ

పైపు పనివాళ్లు జాగ్రత్తగా చూసుకోవాల్సింది ఇది. సైటులో ఒకటింబావు ఇంచీ పైపు అంటే బయటి కొలత 42.2 మి.మీ. అది పేరుకే ఒకటింబావు. కార్ల గొట్టాల్లో మాత్రం ఇంచీ అంటే నిజంగా బయటి కొలతే. ఒకటిన్నర ఇంచీ గొట్టం అంటే 38 మి.మీ. మందం కూడా వేరు. సైటులో పల్చటి షెడ్యూల్ 10 స్టెయిన్‌లెస్ పైపే ఆ సైజులో 2.77 మి.మీ. ఉంటుంది. హెడ్డరుకు మేము తీసుకున్నది 1.6 మి.మీ.

రంధ్రాల కొలత చూసి చివరి రెండింటికీ 38 మి.మీ., రెండు సిలిండర్ల పొగ మోసే మధ్యదానికి 42 మి.మీ. తీసుకున్నాం. పెద్ద గొట్టమైతే ఇంకా బాగుంటుందని అనుకోవద్దు. మరీ వెడల్పైతే పొగ వేగం తగ్గి ఆ లాగే గుణం పోతుంది.

తీగ, డ్రాయింగు, ముక్కలు

కారు దగ్గర ఫిట్టర్ అన్న వెల్డింగు తీగను వంచి ఒక్కో గొట్టం దారి చూపించాడు. స్టీరింగు రాడ్డు తప్పించాలి, బ్రేకు పైపు తప్పించాలి, వైర్లు తప్పించాలి. తప్పిస్తే చాలదు, ఎడం కూడా ఉండాలి. ఇంజను రబ్బరు దిండ్ల మీద కూర్చుంటుంది. రేజ్ చేస్తే పక్కకు ఊగుతుంది. అందుకని ఎక్కడా 25 మి.మీ. కంటే తక్కువ ఖాళీ ఉండకూడదని గీత గీసుకున్నాం.

ఆ తీగలను చూసి సైటులో గీసినట్టే ఐసోమెట్రిక్ డ్రాయింగు గీశాం. ఒక్కో ముక్కకు నంబరు, సెంటరు నుంచి సెంటరుకు కొలత, తిరిగే కోణం. 1, 4 గొట్టాల పొడవులు మధ్యగీత వెంబడి కొలిస్తే తేడా 5 మి.మీ. దాటకుండా చూసుకున్నాం.

వంపుల కోసం మాండ్రెల్ బెండ్లు కొన్నాం. లోపల బిళ్లలు పెట్టి వంచడం వల్ల వాటిలో గొట్టం నలగదు. మామూలు బెండింగు మిషనులో వంచితే మూల దగ్గర చపిడి అవుతుంది. మన ఊళ్లలో కమ్మరులు గొట్టంలో ఇసుక కూరి, కాల్చి వంచేవాళ్లు. మంచి పద్ధతే. కానీ ఇసుక ఎండి ఉండాలి. తడి ఉంటే ఆవిరై మూతలు తుపాకీ గుండులా ఎగిరిపోతాయి.

బెండును కోయడంలో ఒక కిటుకు ఉంది. బెండు ఏ కేంద్రం చుట్టూ తిరిగిందో, కోత గీత ఆ కేంద్రం గుండా పోవాలి. అప్పుడే కోసిన మూతి గుండ్రంగా వస్తుంది. లేకపోతే కోడిగుడ్డులా వస్తుంది, ఎదుటి ముక్కకు అతకదు. అన్న ఒక్కో మూతిని గాజుపలక మీద ఎమరీ కాగితం పెట్టి రుద్దాడు. రెండు ముక్కలు ఆనించి దీపం పెడితే వెలుతురు కనిపించకూడదు. సైటు పైపులో రూటు కోసం సందు వదులుతాం. ఇక్కడ సందు వదిలితే 1.6 మి.మీ. గొట్టం కరిగి రంధ్రం పడుతుంది.

తమ్ముడి చేతిలో టార్చి

ముందు అన్ని ముక్కలకూ మూడేసి టాకులు వేసి, కారులో పెట్టి చూశాం. స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాం. తీశాం. జిగ్గు మీద బిగించాం. ఆ తర్వాతే పూర్తి వెల్డింగు.

పల్చటి స్టెయిన్‌లెస్‌కు బయట ఎంత అందంగా కుట్టినా చాలదు. వేడికి లోపలివైపు గాలి తగిలితే నల్లగా, గరుగ్గా పొక్కుతుంది. వెల్డర్లు దాన్ని 'షుగర్' అంటారు. పొగ దారికి అది ముళ్లకంప. పగులు కూడా అక్కడే మొదలవుతుంది. అందుకని గొట్టం రెండు చివరలూ మూసి, లోపల కూడా ఆర్గాన్ నింపాం. ఒక చివర గ్యాసు వస్తుంది, ఇంకో చివర సూది బెజ్జం గుండా పాత గాలి పోతుంది. కరెంటు 50-60 ఆంపియర్లు. గొట్టానికి గొట్టం కలిపే చోట 308ఎల్ తీగ, స్టెయిన్‌లెస్‌కు మామూలు ఇనుప ఫ్లాంజీ కలిపే చోట 309ఎల్ తీగ. ఒక కుట్టు ఇటు, ఒక కుట్టు అటు. వేడి ఒకేచోట పేరుకుంటే మొత్తం వంకర తిరుగుతుంది.

తమ్ముడు హెల్మెట్ దించితే గంటసేపు మాట్లాడడు. మొదటి గొట్టం చల్లారాక అన్న దాన్ని పట్టుకుని బయట చూడనే లేదు. టార్చిలైటు వేసి లోపలికి చూశాడు. "బయట మెరుపు ఎవుడికి కావాల బావూ, లోపలుందీ అసలు పని" అని తమ్ముడి భుజం తట్టాడు. లోపల గీత సన్నగా, వెండి దారంలా ఉంది.

ఎండ దేశం చికాకు

అంతా అయ్యాక ఇంకో సమస్య. బి సిరీస్‌లో కార్బురేటర్లు పొగ గొట్టాల మీదే కూర్చుంటాయి. బ్రిటన్ చలిలో పర్లేదు. ఇక్కడ బయటే 45 డిగ్రీలు. సిగ్నల్ దగ్గర ఆగితే పెట్రోలు కార్బురేటరులోనే మరిగి ఇంజను ఆగిపోతుంది. మన దగ్గర రోహిణి కార్తెలో అంబాసిడర్ ఆగిపోతే డ్రైవర్లు పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పడం చూసే ఉంటారు. ఆ బాధే ఇది. రెండింటి మధ్య అల్యూమినియం రేకు అడ్డం పెట్టాం. గొట్టానికి, రేకుకు మధ్య గాలి ఆడేలా ఖాళీ వదిలాం. గొట్టాల చుట్టూ గుడ్డపట్టీ చుడదామని ఎవరో అన్నారు. మేము వద్దన్నాం. అది తేమను పట్టి ఉంచుతుంది, కింద పగులు వచ్చినా కనిపించనివ్వదు.

బిగించాక సైటులో లైను టెస్టు చేసినట్టే చేశాం. వెనక గొట్టంలోంచి బ్లోయరుతో గాలి ఊది, జాయింట్ల మీద సబ్బు నీళ్లు పోశాం. వెల్డుల్లో ఒక్క బుడగ లేదు. స్లిప్ జాయింటు దగ్గర కాస్త నురగ వచ్చింది. క్లాంపు బిగిస్తే ఆగిపోయింది. స్టార్ట్ చేసి, వేడెక్కించి, పూర్తిగా చల్లారాక నట్లన్నీ మళ్లీ బిగించాం. ఈ రెండో బిగింపు మానేస్తే మొదటి వారంలోనే గ్యాస్కెట్ ఊదేస్తుంది.

పవరు ఎంత పెరిగింది అని చాలామంది అడిగారు. ఉన్నమాట చెప్పాలంటే, ఎంజీబీ పోత మ్యానిఫోల్డే మంచిది. మామూలు ఇంజనుకు హెడ్డరు పెట్టినంత మాత్రాన గుర్రాలు పరుగెత్తుకు రావు. మాకు దక్కిన ఫలితం వేరు. అర్బాబు మర్నాడు పిల్లలతో అజ్మాన్ దాకా వెళ్లొచ్చాడు. తలనొప్పి లేదు.

హెల్పరు ఎవరు, వెల్డరు ఎవరు?

హెడ్డరు బిగించకముందు అర్బాబు షాపులోకి వచ్చి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అన్న చూసినట్టే లోపల చూడమని మేము లైటు ఇచ్చాం. "ఇది ఎవరు చేశారు?" అన్నాడు. తమ్ముణ్ని చూపించాం. మేనేజరు రిజిస్టరు తీశాడు. అందులో హెల్పర్ అని ఉంది. జీతమూ హెల్పరు జీతమే. నాలుగేళ్లుగా టార్చి పట్టుకున్నా కాగితం మారలేదు. అంతకుముందు పనిచేసిన కంపెనీలోనూ ఇదే తంతు. పని వెల్డరుది, సంతకం హెల్పరుది.

ఇది ఒక్క తమ్ముడి కథ కాదు. మన క్యాంపుల్లో ఎంతమంది ఇలా ఉన్నారో మీకే తెలుసు. ఏజెంటు ఏ వీసా దొరికితే ఆ వీసా మీద పంపిస్తాడు. పని ఇక్కడ నేర్చుకుంటాం. కాగితం మాత్రం వచ్చిన రోజు దగ్గరే ఆగిపోతుంది. ఇంటికి వెళ్లిపోతే ఆ పనికి సాక్ష్యం ఉండదు.

మా టైం షీటు అప్పుడు పనికొచ్చింది. ఏ రోజు, ఎన్ని గంటలు, ఏ వెల్డింగు అన్నది అందులో ఉంది. డ్రాయింగులో ఏ జాయింటు ఎవరు చేశారో రాసి ఉంది. అవి పెట్టి తమ్ముణ్ని 6జీ టెస్టుకు పంపమని అడిగాం. పైపును 45 డిగ్రీల వాలులో బిగించి, కదపకుండా చుట్టూ వెల్డు చేయించే పరీక్ష అది. ఏఎస్ఎంఈ పద్ధతిలో అది పాసైతే మిగతా భంగిమలన్నీ వచ్చినట్టే లెక్క. కంపెనీ ఖర్చుతోనే పంపారు. తమ్ముడు రెండు నెలలు రోజూ డ్యూటీ తర్వాత స్క్రాపు పైపుల మీద సాధన చేశాడు. పాసయ్యాడు. కాంట్రాక్టు రెన్యువల్‌లో వృత్తి పేరు మారింది. జీతం అనుకున్నంత పెరగలేదు. కానీ పెరిగింది. "ఇంటికి ఫోను చేసి చెప్పిన సారూ. మా అమ్మ, వెల్డరంటే ఏందిరా, మరి ఇన్నేండ్లు నువ్వు చేసిందేంది అన్నది" అని నవ్వాడు. ఆ తల్లి ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

ఈ పని చేసేవాళ్లకు నాలుగు మాటలు

* జీఐ పైపును, జింకు పూత ఉన్న దేన్నీ పూత తీయకుండా వెల్డు చేయొద్దు. ఆ తెల్లటి పొగతో రాత్రికి చలిజ్వరం వస్తుంది. స్టెయిన్‌లెస్ పొగ ఇంకా చెడ్డది, దానిలో క్రోమియం విషం ఉంటుంది. ఫ్యాను, మాస్కు తప్పనిసరి.

* బ్రేక్ క్లీనరు కొట్టి తుడిచిన చోట వెల్డింగు పెట్టొద్దు. కొన్ని రకాల్లో క్లోరిన్ ఉంటుంది. ఆర్కు తగిలితే ఫాస్జీన్ అనే ప్రాణాంతక వాయువు పుడుతుంది.

* పాత కార్ల గ్యాస్కెట్లలో, గొట్టాలకు చుట్టిన పట్టీల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పొడిగా గీకొద్దు, గాలితో ఊదొద్దు.

* కారులో ఉండగా వెల్డు చేయాల్సి వస్తే బ్యాటరీ తీసేయండి, పెట్రోలు లైను దూరం పెట్టండి, పక్కన ఒక మనిషిని, ఫైరు సిలిండరును ఉంచుకోండి.

* పర్మిట్ లేకుండా బయట గ్యారేజీలో పార్ట్‌టైం పని ఒప్పుకోవద్దు. చేయి కాలినా, కన్ను పోయినా అడిగే దిక్కుండదు. పైగా చట్టం దృష్టిలో నేరం. మేము మొదట పెట్టిన షరతు ఇందుకే. పార్ట్‌టైం పర్మిట్ తీసుకునే దారి ఉంది, అది అడగండి.

* కారు ఇంజను, చాసిస్‌లో మార్పులకు ముందే అనుమతి తీసుకోవడం ఓనరు బాధ్యత. పని మొదలెట్టేముందు ఆ కాగితం చూపించమనండి.

* వెల్డింగు సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఆ పద్ధతిలో ఆరు నెలలు పని చేయకుండా ఉంటే అది చెల్లకుండా పోతుంది. చేసిన జాయింట్ల లెక్క, తేదీలతో, సూపర్‌వైజరు సంతకంతో దగ్గర పెట్టుకోండి. కంపెనీ మారితే మళ్లీ టెస్టు పెట్టొచ్చు. అప్పుడు ఈ లెక్కే మీ తరఫున మాట్లాడుతుంది.

చివరగా తోటి సూపర్‌వైజర్లకు, ఫోర్‌మాన్లకు ఒక మనవి. మీ గ్యాంగులో హెల్పరు వీసా మీద ఆర్గాన్ పట్టే తమ్ముడు ఒకడైనా ఉంటాడు. వాడు చేసిన జాయింటు పక్కన వాడి పేరు రాయండి. దానికి పాత కారే రావక్కర్లేదు, రేపు పొద్దున పెట్టే ఫైర్ లైను చాలు.